బాగా వేస్తున్నవాణ్ని దించకూడదు

నా డైరీలో ప్రతి పేజీ మూడు పంక్తులతో మొదలవుతుంది. గాలి ఎటు నుంచి వీస్తోంది, ఈ రోజు పిచర్ ఎవరు, మోకాలు ఎలా ఉంది. మొదటిది ఉద్యోగం వల్ల వచ్చిన అలవాటు. కెనడాలోని సార్నియాలో నది ఒడ్డునున్న ఒక రసాయనాల ప్లాంటులో ఇరవై ఎనిమిదేళ్లు షిఫ్టు సూపర్‌వైజర్‌గా చేశాను. ఎక్కడైనా గ్యాస్ లీకైతే ఎటు పరిగెత్తాలో గాలే చెబుతుంది కాబట్టి డ్యూటీ ఎక్కగానే ముందు దాన్ని రాయాలి. మూడోది వయసు వల్ల వచ్చింది. రెండోదాని గురించే ఇక్కడ చెప్పబోతున్నాను.

బేస్‌బాల్ నాకు ప్లాంటు క్యాంటీన్‌లోని రేడియో నేర్పింది. పక్కన కూర్చునే వెల్డరు భోజనం డబ్బా మూతమీద గళ్లు గీసి, ఒక్కొక్క బంతికి ఏమైందో గుర్తులు వేసేవాడు. ఔటయితే ఒక గుర్తు, కొడితే ఒకటి, ఏమీ కాకపోతే దానికీ ఒకటి. నాకు ఆట కన్నా ఆ గళ్లు నచ్చాయి. తర్వాత తెలిసింది, ఆట వెనక ఇంకో ఆట ఉందని. టొరంటో జట్టులో ఒకేసారి ఇరవై ఆరుగురే ఉండాలి. ఇరవై ఏడోవాణ్ని లోపలికి తేవాలంటే ఒకణ్ని బయటికి పంపాలి. దెబ్బ తగిలినవాణ్ని పదిహేను రోజుల జాబితాలోనో అరవై రోజుల జాబితాలోనో పెట్టి, బఫెలోలో ఉన్న కింది జట్టు నుంచి కుర్రాణ్ని పిలుస్తారు. దెబ్బ మానగానే ఆ కుర్రాడు సంచీ సర్దుకోవాలి. ఈ రాకపోకల వార్త రోజూ ఒక్క వాక్యంలో వస్తుంది. జీవితమంతా షిఫ్టు పట్టికలు వేసినవాణ్ని. ఆ ఒక్క వాక్యం వెనక ఎంత తర్జనభర్జన ఉంటుందో నాకు అర్థమయ్యేది.

ఇక పిచర్ అంటే మన బౌలర్ అనుకోండి. కాకపోతే ఓవరు అయిపోయిందని బంతి ఇంకొకరికి ఇవ్వడు. దించేదాకా అతనే వేస్తాడు, ఒకసారి దించాక ఆ రోజుకి మళ్లీ రాడు. ఆట మొదలుపెట్టే పిచర్లు ఐదుగురుంటారు, వంతులవారీగా. ఈ రోజు వేసినవాడు నాలుగు రోజులు చేతికి విశ్రాంతి ఇవ్వాలి. ఎడమచేతి పిచర్‌కి కుడిచేతి బ్యాటరు ఎదురైతే లెక్క బ్యాటరు వైపు మొగ్గుతుంది. అదే బ్యాటరు మూడోసారి ఎదురైతే బంతి అలవాటై ఇంకా మొగ్గుతుంది. కాబట్టి ఎవరిని ఎప్పుడు దించాలన్నదే మేనేజర్ పని. అక్కడ తప్పు చేస్తే నాలాంటివాళ్లు ఊరూరా ఇళ్లలో కూర్చుని తిడతారు.

మా ఊరి కాలేజీకి మన పిల్లలు వందల మంది వచ్చిన ఆ రెండేళ్లలో నేను కూడా ఒక జట్టుకి మేనేజర్నయ్యాను.

సార్నియాలో కారు లేకపోతే కాళ్లు లేనట్టే. బస్సులు తక్కువ, ఆదివారం ఇంకా తక్కువ. ఆ ఏడు రోడ్డు పక్కన గడ్డిలో పాలడబ్బాలు, బియ్యం బస్తా పట్టుకుని వరసగా నడిచిపోయే పిల్లలు కనబడేవారు. నేను కారు ఆపితే మొదట భయపడేవారు, తర్వాత "తెలుగా అంకుల్?" అనేవారు. నెల తిరిగేసరికి వాట్సాప్ గ్రూపు ఒకటి తయారైంది. రిటైరైన మా బోటివాళ్లం ఐదుగురం, ఐదు కార్లు. కాలేజీకి, సరుకులకి, డాక్టరు దగ్గరికి, ఇంటర్వ్యూలకి దించి రావడం. పట్టిక నేనే వేస్తానన్నాను. ఐదుగురు పిచర్ల వరస ఎలాగో అలాగే: ఒక రోజు డ్యూటీ, నాలుగు రోజులు విశ్రాంతి.

జోడీలు కూడా చూసేవాణ్ని. కాకినాడ డాక్టరుగారికి హైవే అంటే గుండెదడ, ఆయనకు ఊళ్లో పనులే. ఇంకొకాయన ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా మాట్లాడతారు, పరీక్ష ఉన్న పిల్లల్ని ఆయన కారెక్కించకూడదు. డాక్టరుగారు మోకాలి ఆపరేషన్ చేయించుకున్నప్పుడు గ్రూపులో రాశాను: "డాక్టరుగారిని అరవై రోజుల జాబితాకు మార్చడమైనది." పిల్లలకు అది నచ్చింది. అప్పట్నుంచి రోజూ సాయంత్రం ఎవరో ఒకరు అడిగేవారు, "రేపు స్టార్టింగ్ ఎవరు అంకుల్?" అని.

వరసలో ఒకటో నంబరు నేను, రెండో నంబరు తెనాలి చెల్లెమ్మ. మాకు చుట్టం కాదు. భర్త పోయాక కూతురి దగ్గర ఉండలేక, ఇక్కడే చిన్న ఇల్లు ఉంచుకుని ఒక్కతే ఉంటుంది. అరవై రెండేళ్లు. యాభై దాటాక కారు నేర్చుకుంది. ఆమెది పాత చిన్న కారు, వెనక కెమెరా లేదు, ఇంజను దీపం అప్పుడప్పుడు వెలిగి ఆరిపోతుంది. ఎవరికి కుదరకపోయినా ఆమెకి ఫోన్ చేస్తే చాలు, "వస్తున్నానమ్మా, చెప్పులేసుకుంటున్నా" అనేది.

మేమెవరం పిల్లల్ని పేర్లతో గుర్తుపెట్టుకోలేకపోయాం, ఊళ్లతో పిలిచేవాళ్లం. వాళ్లలో కావలి అమ్మాయి ఒకతి. చదువు పూర్తిచేసి వర్క్ పర్మిట్ మీద ఉంది. ఒంటరిగా ఉండే ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి స్నానం, భోజనం, మందులు చూసే ఉద్యోగం ఒకటి దొరికింది. పూర్తికాలం ఉద్యోగం, చేతిలో ఆఫర్ లెటర్. ఒకటే షరతు: రోజూ ఆరేడు ఇళ్లు తిరగాలి కాబట్టి ఒంటరిగా కారు నడపగల లైసెన్సు కావాలి. సెప్టెంబరు చివరి శుక్రవారం లోగా చూపించకపోతే ఆ స్థానం తర్వాతి మనిషికి ఇచ్చేస్తారు. అప్పటికి ఒక్కొక్క ఉద్యోగానికి ఎంతమంది వరసలో ఉన్నారో ఆ అమ్మాయికి బాగా తెలుసు. అంతకుముందు పదకొండు నెలలు ఆమె కూడా ఆ వరసలోనే ఉంది.

తెనాలి చెల్లెమ్మ ఆమెకి వేసవంతా కారు నేర్పింది. స్కేటింగ్ అరీనా వెనక ఖాళీ పార్కింగ్ స్థలంలో, తన చిన్న కారులో, రెండు ప్లాస్టిక్ బకెట్లు పెట్టి మధ్యలో పార్క్ చేయించేది. అమ్మాయి పొట్టి. సీటు ఎంత ముందుకు జరపాలో తెలియడానికి సీటు పట్టాలమీద ఎర్ర నెయిల్‌పాలిష్‌తో గీత పెట్టింది. నేను ఒకట్రెండుసార్లు వెళ్లి చూశాను. చూసి డైరీలో రాశాను కూడా.

రోడ్ టెస్టుకి మా ఊళ్లో తేదీలు దొరకలేదు. గంట దూరంలో చాతంలో ఒక గురువారం ఉదయానికి దొరికింది. టెస్టుకి మన కారే తీసుకెళ్లాలి. పట్టిక ప్రకారం గురువారం డ్యూటీ తెనాలి చెల్లెమ్మది.

బుధవారం పగటి ఆట ఉంది. ఆ ఉదయమే ఒక్క వాక్యం వార్త: ఒక పిచర్‌కి మోచెయ్యి నొప్పి, బఫెలో నుంచి ఇరవై రెండేళ్ల ఎడమచేతి కుర్రాణ్ని పిలిచారు. మొదటి ఆట. నేను డబ్బా మూత బదులు కాగితంమీద గళ్లు గీసుకుని కూర్చున్నాను. తొమ్మిది ఇన్నింగ్సుల ఆటలో మొదటి ఐదింటిలో ఒక్క పరుగు ఇవ్వలేదు. బంతులు డెబ్బై కూడా కాలేదు. ఆరో ఇన్నింగ్సులో కుడిచేతి బ్యాటరు, మూడోసారి ఎదురవుతున్నవాడు రాగానే మేనేజర్ లేచి మైదానంలోకి నడిచాడు. నేను కుర్చీలోంచి లేచాను.

"కూసో. అతనికి వినపడది," అంది మా ఆవిడ లోపల్నుంచి.

కుర్రాడు బంతి మేనేజర్ చేతిలో పెట్టి, తల వంచుకుని దిగిపోయాడు. వచ్చినవాడు వేసిన నాలుగో బంతి ప్రేక్షకుల్లో పడింది. ఆట పోయింది. నేను డైరీలో అర పేజీ రాశాను. అది చాలక గ్రూపులో కూడా పెట్టాను. నాలుగూ యాభైకి పెట్టిన ఆ సందేశం ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. "కాగితం చూసి మనిషిని మరిచిపోయేవాడు మేనేజరు కాడు. బాగా వేస్తున్నవాణ్ని దించకూడదు."

తర్వాత టీ తాగి, మర్నాటి పట్టిక చూద్దామని కూర్చున్నాను. చాతం, గురువారం, తెనాలి చెల్లెమ్మ. ఎందుకో మనసు నిలవలేదు. లేచి వరండాలోకి వెళ్లాను, తిరిగొచ్చాను. వాతావరణం చూస్తే ఉదయం వాన అంది. డైరీల్లో వెనక్కి వెళ్లి ఆమె గురించి రాసుకున్నవన్నీ ఒక కాగితంమీదికి ఎత్తాను. ఎడమ మలుపు రెండుసార్లు మరిచిపోయారు. ఒకసారి పెట్రోలు బంకులో అవతలి వైపు ఆపారు. ఒకసారి పావుగంట ఆలస్యం. ఇంజను దీపం మూడుసార్లు. దీపం వెలుగుతున్న కారుని టెస్టుకి ఒప్పుకోరని ఎక్కడో చదివాను. నా పేరు కింద చూస్తే ఏమీ లేదు, తెల్ల కాగితం. నా కారుకి కొత్త టైర్లు. లెక్క ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు మొహమాటం ఎందుకనిపించింది. ఆరూ పదికి గ్రూపులో పెట్టాను: "రేపటి చాతం ప్రయాణానికి రెండో నంబరు బదులు ఒకటో నంబరు. కారు కూడా మారుతుంది."

తెనాలి చెల్లెమ్మ బొటనవేలి బొమ్మ పెట్టింది. అంతే.

కావలి అమ్మాయి మాత్రం ఫోన్ చేసింది. "అంకుల్, ఆంటీ కారైతే నాకు అలవాటు కదంకుల్..."

"కారు కారే కదమ్మా. నాది ఇంకా సులువు, అన్నీ బటన్లే. ఇప్పుడే వస్తా, గంటసేపు నడుపుదువుగాని."

"సరే అంకుల్," అంది. పెద్దవాళ్ల మాట కాదనే పిల్ల కాదు. ఆ "సరే" గురించి తర్వాత చాలా రోజులు ఆలోచించాను.

గురువారం వాన పడలేదు. దారిలో తనే నడుపుతానంటే వద్దన్నాను, చెయ్యి అలిసిపోతుందని. పిచర్లకి విశ్రాంతి ఇస్తారు కదా, అదీ నా తెలివి. తను ఒళ్లో చేతులు పెట్టుకుని, గాలిలో గేర్లు మార్చుకుంటూ, లేని బ్రేకు తొక్కుకుంటూ కూర్చుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఫోన్‌లో ఆ రోజు ఒక్క వాక్యం వచ్చింది: ఎడమచేతి కుర్రాణ్ని తిరిగి బఫెలోకి పంపించారు. నిన్న పిచర్లు ఎక్కువమంది అలిసిపోయారు, కొత్త చెయ్యి కావాలి, అందుకని. "అన్యాయం," అన్నాను పైకే.

"ఏంటంకుల్?"

"ఏం లేదమ్మా. నువ్వు రోడ్డు చూసుకో."

టెస్టు ఇరవై నిమిషాలు. నేను సెంటరు బయట నిలబడలేక పార్కింగులో ఆ చివర నుంచి ఈ చివరకి నడిచాను. నా కారు తిరిగొచ్చి ఆగింది. పరీక్షించినావిడ కాగితంమీద ఏదో రాస్తోంది. చాలాసేపు రాసింది. బాగుంటే అంతసేపు రాయరని నాకు తెలుసు.

అమ్మాయి దిగి నా వైపు నడిచొచ్చింది. ఏడవలేదు.

"వాలుగా ఉన్న రోడ్డు పక్కన ఆపమన్నారు అంకుల్. ఆపాను. హ్యాండ్ బ్రేక్ వెయ్యాలి కదా. చెయ్యి పెట్టాను. లివర్ లేదు."

నా కారులో ఆ బ్రేకు స్టీరింగు పక్కన చిన్న బటన్. ముందురోజు సాయంత్రం చూపించాను. నేను చూపించింది ఒక్కసారి. ఆమె చెయ్యి మూడు నెలలుగా రెండు సీట్ల మధ్యకి వెళ్లడం నేర్చుకుంది.

"కిందకి చూసేలోపు కారు వెనక్కి జారింది. ఆవిడే బ్రేక్ వెయ్యమని అరిచారు. మిగతాదంతా బానే చేశానంకుల్. పార్కింగ్ కూడా పడింది."

మళ్లీ టెస్టుకి వెళ్లాలంటే పది రోజులు ఆగాలి. శుక్రవారం గడువుకి పదిహేను రోజులుంది. దారంతా ఆ అమ్మాయే నన్ను ఓదార్చింది. "టెన్షన్ పడకండి అంకుల్, ఏదో ఒక స్లాట్ దొరుకుద్ది." నాకు కావలసింది ఆమె నన్ను తిట్టడం. తిట్టలేదు.

ఆ సాయంత్రం తెనాలి చెల్లెమ్మ గ్రూపులో రెండు ముక్కలు రాసింది. "అన్నయ్యగారూ, నన్ను పట్టికలోంచి తీసెయ్యండి. ఆరోగ్యం బాగానే ఉంది."

తర్వాతి నాలుగు రోజులు నా డైరీలో చేతిరాత కూడా నాది కాదన్నట్టుంటుంది. రోడ్ టెస్టు వెబ్‌సైటులో ఎవరైనా మానుకుంటే ఆ తేదీ ఖాళీ అవుతుంది, కళ్లు మూసి తెరిచేలోపు ఇంకొకరు తీసుకుంటారు. కుర్రాళ్ల రాకపోకల వార్తల కోసం ఫోన్ చూసుకునే అలవాటు నాకు ఎలాగూ ఉంది. ఇప్పుడు పదిహేను నిమిషాలకోసారి అదే పని. అన్నం తింటూ చూసేవాణ్ని. నడకకి వెళ్లి మధ్యలో ఆగి చూసేవాణ్ని.

"ఏంది, పొద్దటి సంది ఆ ఫోన్‌ని గోకుతున్నవ్?" అంది మా ఆవిడ. "గోకితే స్లాటు ఊడి పడ్తదా?"

"ఊడిపడొచ్చు."

"పడ్డదే అనుకో. ఏ కారుల తీస్కపోతవ్?"

జవాబు మూడు వీధుల అవతల ఉంది.

డైరీ చంకలో పెట్టుకుని వెళ్లాను. తెనాలి చెల్లెమ్మ పెరట్లో కుండీల్లో గోంగూర కోస్తోంది. నన్ను చూసి లేవలేదు.

"రండి మేనేజరుగారూ."

నేను మెట్టుమీద కూర్చున్నాను.

"పిల్లకి మళ్లీ టెస్టుకి నీ కారు కావాలమ్మా."

"నా కారుకి దీపం వెలుగుద్దిగా."

"అది బాగు చేయించి..."

"చేయించా. మొన్న శుక్రవారం. పెట్రోలు ట్యాంకు మూత వదులైందంట. మూత మార్చాడు, దీపం పోయింది. ఇరవై ఎనిమిదేళ్లు లీకులెతికారంటగా మీరు? ఒక్కసారన్నా ఆ మూత తిప్పి చూశారా?"

చూడలేదు. ట్యాంకు మూతలోంచి ఆవిరి పోతే దీపం వెలుగుతుందని ప్లాంటులో అప్రెంటిస్‌కి కూడా చెప్పగలను. ఆమె కారు దగ్గర మాత్రం, దీపం వెలిగిందని మూడుసార్లు రాసుకుని ఊరుకున్నాను.

"ఆ పుస్తకంలో నా మీద ఏం రాశారు? చదవండి వింటాను."

"ఎందుకులేమ్మా."

"చదవండి అన్నయ్యగారూ. పట్టికలోంచి దించారుగా, కారణం తెలియొద్దూ?"

చదివాను. ఎడమ మలుపు, బంకు, పావుగంట ఆలస్యం. ఆమె గోంగూర కాడలు తుంచుతూ విన్నది.

"పావుగంట ఆలస్యమైన రోజు ఎన్ని ట్రిప్పులేశానో రాశారా?"

లేదు.

"ఎడమ మలుపు రెండుసార్లు మరిచిపోయాను. ఎన్నిసార్లు సరిగ్గా తిప్పాను?"

నేను పేజీలు తిప్పాను. ఆమె ఊరికే అడిగింది గాని, నేను నిజంగానే వెతికాను. ఎక్కడా లేదు. ప్లాంటులో షిఫ్టు పుస్తకంలో అంతా సవ్యంగా ఉంటే ఏమీ రాయం. ఒత్తిడి పెరిగితే, పంపు ఆగితే, వాల్వు కారితే రాస్తాం. ఇరవై ఎనిమిదేళ్లు అలా రాసి రాసి, ఇంటికొచ్చాక మనుషుల గురించి కూడా అలాగే రాశాను. గ్రూపులో అందరికన్నా ఎక్కువ తిరిగింది ఆమె కాబట్టి, తప్పులూ ఆమె పేరు కిందే ఎక్కువ పోగయ్యాయి. డాక్టరుగారి పేరు కింద ఒక్కటీ లేదు, ఆయన అరవై రోజుల జాబితాలో ఉన్నారు. నా పేరు కింద ఎందుకు లేదంటే, నన్ను చూసి రాసేవాళ్లు ఎవరూ లేరు.

వెల్డరు డబ్బా మూత గుర్తొచ్చింది. దానిమీద ప్రతి బంతికీ ఒక గుర్తు ఉండేది.

"నాలుగూ యాభైకి ఆ మేనేజర్ని తిట్టారు," అంది ఆమె. "ఆరూ పదికి నన్ను దించారు. ఒకదాని కింద ఒకటి. నేను కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివా, ఇద్దరూ ఒక్క మనిషేనా అని."

"ఒక్కడేనమ్మా."

"పిల్ల చెప్పింది, లివర్ లేదని. నాకు ఆ మాటకే ఏడుపొచ్చింది. మీ మీద కోపం కాదు నాకు. నన్ను అడగాల్సింది కదా అన్నయ్యగారూ. ఒక్క ముక్క అడిగితే చెప్పేదాన్ని కదా."

నేను తల ఊపాను. క్షమించమని అడగడం నాకు అంత బాగా రాదు. "నీ కారే, నువ్వే," అన్నాను. "నేను డ్రైవరుగా వస్తాను, నోరెత్తను."

"నోరెత్తరూ?" అని మొదటిసారి నవ్వింది. "రేడియో కూడా?"

"రేడియో కూడా."

మర్నాడు మధ్యాహ్నం, బంగాళాదుంపలు కొనే వరసలో ఉండగా స్లాటు దొరికింది. గడువుకి రెండు రోజుల ముందు, బుధవారం ఉదయం. కాకపోతే ఒటావాలో. ఏడు గంటలకు పైగా ప్రయాణం. బంగాళాదుంపలు అక్కడే వదిలేసి బుక్ చేశాను. తెనాలి చెల్లెమ్మ తమ్ముడు ఒటావా శివారు కనాటాలో ఇంజనీరు. ముందురోజు రాత్రి వాళ్లింట్లో ఉండొచ్చు.

మంగళవారం పొద్దున్నే బయల్దేరాం. ఊరు దాటాక హైవే నాది, సిటీలో కారు తెనాలి చెల్లెమ్మది అని ఒప్పందం. నేను ఆరడుగులవాణ్ని. సీటు వెనక్కి జరపబోతే తెనాలి చెల్లెమ్మ పట్టాలమీద ఎర్ర గీత చూపించింది.

"జరుపుకోండి. దిగేముందు మళ్లీ గీత దగ్గరికి తేవాలి. అద్దాలు కూడా."

"తెస్తానమ్మా."

"రాసుకోండి."

ఎంత జరిపినా ఆ కారులో నా మోకాళ్లు స్టీరింగు కిందే ఉన్నాయి. కెనడాలోనూ ఒక లండన్ ఉంది, అది దాటాం. మిల్టన్ దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. పక్కన ఒకే అచ్చులో పోసినట్టున్న కొత్త ఇళ్లు, వాటి వెనక ఇంకా కడుతున్నవి. ఆట మధ్యాహ్నం రెండింటికి గాని మొదలవదు, అయినా నా చెయ్యి రెండుసార్లు రేడియో వైపు వెళ్లింది. రెండుసార్లూ పక్క సీట్లోంచి ఒక దగ్గు వినిపించింది. వెనక సీట్లో కావలి అమ్మాయి కళ్లు మూసుకుని, కుడిచేత్తో పక్కనున్న సంచీ పిడిని పైకి లాగుతోంది, దించుతోంది. హ్యాండ్ బ్రేకు.

కనాటాలో తెనాలి చెల్లెమ్మ మేనల్లుడు, తొమ్మిదేళ్లవాడు, కారు చుట్టూ తిరిగి చూశాడు. "నో కెమెరా?" అన్నాడు. "లేదురా," అంది మేనత్త. "దెన్ హౌ డు యూ సీ?" "మెడ తిప్పి చూస్తాం, బంగారం."

బుధవారం టెస్టు పదిన్నరకి. టెస్టు సెంటరు వరండాలో బెంచీమీద తెనాలి చెల్లెమ్మా నేనూ కూర్చున్నాం. ఆ చిన్న కారు మూలమలుపు తిరిగి కనబడకుండా పోయింది. నేను డైరీ తెరిచాను. గాలి పడమటి నుంచి, మోకాలు అధ్వానం. రెండో పంక్తి దగ్గర కలం ఆగింది. ఆ రోజు పిచర్ ఎవరో నేను చూడలేదు. కింద ఏదైనా ముందే రాసిపెడదామా అనిపించింది, రాయలేదు. లేచి నడవబోతే తెనాలి చెల్లెమ్మ నా చొక్కా చివర పట్టుకుంది.

"కూర్చోండి. మీరు తిరిగితే నాకు కళ్లు తిరుగుతున్నాయి."

"నీకు భయం లేదా?"

"భయమే. అందుకే కూర్చున్నా."

కారు తిరిగొచ్చి ఆగింది. లోపల పరీక్షించే ఆయన తల వంచి రాస్తున్నాడు. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను, ఎనిమిది దగ్గర ఆయన తలెత్తాడు. అమ్మాయి దిగింది. తలుపు వెయ్యడం మరిచిపోయి మా వైపు పరిగెత్తుకొచ్చింది, మళ్లీ వెనక్కి పరిగెత్తి తలుపు వేసి, హ్యాండ్ బ్రేకు పడిందో లేదో తొంగిచూసి, అప్పుడు వచ్చి తెనాలి చెల్లెమ్మ మెడ చుట్టేసింది.

"వాలు రోడ్డే అడిగారాంటీ! చెయ్యి దానంతటదే పోయింది!"

నన్ను కూడా చూసి, "థాంక్స్ అంకుల్," అంది. ఎందుకో నాకు తెలియలేదు. బంగాళాదుంపలకి అయ్యుండాలి.

వాళ్లిచ్చిన కాగితం ఫొటో తీసి ఉద్యోగంవాళ్లకి పంపింది. తిరుగుదారిలో కింగ్‌స్టన్ దగ్గర పెట్రోలు పోయిస్తుండగా జవాబు వచ్చింది: సోమవారం ఎనిమిదింటికి రమ్మని. అమ్మాయి అది మూడుసార్లు పైకి చదివింది. నేను ట్యాంకు మూత బిగించి, చాలదని మళ్లీ తిప్పి చూశాను.

"ఇక్కణ్నుంచి నేను నడపనా ఆంటీ? ఇప్పుడు హైవే మీద కూడా నడపొచ్చు కదా."

తెనాలి చెల్లెమ్మ నా వైపు చూసింది. ఈసారి అడిగే వంతు నాది కాదు, చెప్పే వంతూ కాదు. "నడపవే," అంది ఆమె. నేను వెనక సీట్లోకి మారాను. సీటు ముందుకు జరిగి గీత దగ్గర టక్కుమంది.

పెద్ద లారీలు పక్కనుంచి పోతుంటే వెనక కూర్చున్న నా కుడికాలు లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది. డైరీ తీశాను. లేన్ మారింది, అద్దం చూసి, మెడ తిప్పి చూసి, రాశాను. లారీని దాటింది, సరిగ్గా, రాశాను. ఇంకోసారి మారింది. దానికీ ఒక గుర్తు పెట్టాను.

అద్దంలోంచి తెనాలి చెల్లెమ్మ చూస్తోంది.

"పిల్ల నడుపుతుంటే మళ్లీ ఏం రాస్తున్నారు అన్నయ్యగారూ?"

"ఏమీ జరగలేదని రాస్తున్నానమ్మా."